రంగనాయకి మేడం చెప్పిన రెండు సారీలు

మొన్న కోయంబత్తూరు శివారు తుడియలూరులో బస్సెక్కుతుండగా ఒక కాలేజీ అమ్మాయి నా కాలు తొక్కింది. చెప్పు మడమ సరిగ్గా చిటికెన వేలి మీద పడింది. ప్రాణం జివ్వుమంది. ఆ పిల్ల చెవిలోని ఇయర్‌ఫోన్ తియ్యలేదు, తల తిప్పలేదు. "సారీ ఆంటీ" అని గాలిలోకి ఒక మాట వదిలి, కిటికీ పక్క సీటు కోసం లోపలికి సాగిపోయింది. నాకు కోపం రాలేదు. గాంధీపురం చేరేదాకా వేలు సలుపుతూనే ఉంది. ఆ సలుపుతో పాటే, చాలా ఏళ్లుగా వినని ఒక గొంతు చెవి పక్కన మాట్లాడినట్లయింది. "సారీ నడుస్తా నడుస్తా చెప్పేది కాదు కన్నా. నిలబడు. మొగం చూడు. అప్పుడు చెప్పు."

అది రంగనాయకి మేడం గొంతు. కోయంబత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె ఫ్రంట్ ఆఫీసు మేనేజరుగా ఉండేది. నేను చదువు ముగించి తొలి ఉద్యోగానికి వెళ్లింది ఆమె దగ్గరికే. ఇవాళ నేను నలుగురితో మాట్లాడి పొట్ట పోసుకుంటున్నానంటే, ఆ మాట్లాడటం నేర్పింది ఆమె. ఇంగ్లీషు నేర్పింది అని కూడా అనొచ్చు. కానీ ఆమె నేర్పిన ఇంగ్లీషు మొత్తం కూడదీస్తే గుప్పెడు మాటలే. ప్లీజ్, థాంక్యూ, ఎక్స్‌క్యూజ్ మీ, పార్డన్, సారీ. అందరికీ తెలిసిన మాటలే. ఎప్పుడు, ఎవరితో, ఎలా అనాలో తెలియడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది.

మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం. మావాళ్లు ఎన్ని తరాల కిందట ఈ కొంగు సీమకు, అంటే కోయంబత్తూరు చుట్టుపక్కలకు, వచ్చి పత్తి చేలు చేశారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, నాన్న పనిచేసే పంపుల వర్క్‌షాపులో రెండూ కలిసిన మాట. తెలుగు అక్షరాలు నాకు పెళ్లయ్యాక, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా అత్తగారి దగ్గర పట్టుబడ్డాయి. మా ఇంటి తెలుగులో థాంక్స్‌కి గానీ సారీకి గానీ నోటికి వచ్చే మాట ఏదీ ఉండేది కాదు. ఎవరైనా సాయం చేస్తే అమ్మ ఒక గిన్నెలో కూర పంపేది. తన వల్ల తప్పు జరిగితే కొన్నాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేది. అంతే. అవతలివాళ్లకు అర్థమయ్యేది. అందుకే ఇంగ్లీషు మర్యాద మాటలన్నీ నాకు ఉత్తుత్తి మాటల్లా అనిపించేవి. అన్నా ఒకటే, అనకపోయినా ఒకటే అనుకునేదాన్ని.

ఇంటర్వ్యూ నాడు మేడం నన్ను చూడనేలేదు. సన్నగా, పొడుగ్గా, నూలు చీర కొంగు బిగించి దోపుకుని ఉన్న ఆవిడ తన తిరుగుడు కుర్చీని గోడవైపు తిప్పేసుకుంది. "నేను ఫోన్‌లో ఉండాను అనుకో. నువ్వు నన్ను చూడలేవు, నేను నిన్ను చూడలేను. నా పేరు అడుగు" అంది. పెద్దవాళ్ల వీపు చూస్తూ మాట్లాడటం నాకు అలవాటు లేదు. గొంతు సవరించుకుని, "ప్లీజ్, వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నాను.

"పోలీస్ స్టేషనుకు ఫోన్ చేసినట్లు ఉండాది" అంది గోడతో. "ప్లీజ్ ఉండాది, మర్యాద లేదు. 'మే ఐ హావ్ యువర్ నేమ్, ప్లీజ్?' అని అడుగు. ప్లీజ్ చివర్లో పెట్టు. గొంతు కొంచెం పైకి పోవాల."

నేను అన్నాను. ఆమె లోగొంతుతో ఏదో చెప్పింది. నాకు వినబడలేదు. "వాట్?" అన్నాను.

కుర్చీ గిర్రున తిరిగింది. మందపాటి కళ్లద్దాల వెనక కళ్లు పెద్దవి చేసి, "మీ నాయన లోపలి నుంచి పిలిస్తే ఏమంటావు?" అని అడిగింది.

"'ఏమి నాయనా' అంటాను."

"'ఏంది' అనవు కదా? వాట్ అంటే ఏంది. పార్డన్ అంటే ఏమి నాయనా. నీకు మర్యాద తెలుసు. ఇంగ్లీషులో అది యాడ ఉండాదో తెలియదు, అంతే. సోమవారం వచ్చెయ్."

ఆమె అవినాశి దగ్గర ఒక పల్లెలో, మాలాగే తెలుగు మాట్లాడే పత్తి రైతుల ఇంట్లో పుట్టింది. చిన్న వయసులోనే ఒక మిల్లులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. మొహాలు కనబడని మనుషులతో రోజంతా మాట్లాడే పని. బొంబాయి నుంచి, మద్రాసు నుంచి, ఎప్పుడైనా విదేశాల నుంచి వచ్చే గొంతులు వింటూ ఆమె ఇంగ్లీషు నేర్చుకుంది. అందుకే ఆమెకు మాట కంటే గొంతు మీద పట్టు ఎక్కువ. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. మధ్యాహ్నం పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ తిని కుర్చీలోనే కాసేపు కళ్లు మూసుకునేది. ఆ కాసేపట్లో కూడా రిసెప్షన్ నుంచి ఎవరి గొంతయినా కరుకుగా వినబడితే కళ్లు తెరిచేది.

ఆమె చెప్పే పద్ధతి వేరు. ఎక్స్‌క్యూజ్ మీకీ సారీకీ తేడా మాకు ఎంత చెప్పినా తలకెక్కేది కాదు. దారి అడ్డంగా ఉన్నవాళ్లను తప్పుకొమ్మనడానికి సారీ అనేవాళ్లం, చేతిలో కాఫీ ఒలికితే ఎక్స్‌క్యూజ్ మీ అనేవాళ్లం. ఒకరోజు ఆమె విసిగిపోయి లేచి వెళ్లి తన గది తలుపు తట్టి చూపించింది. "ఇది ఎక్స్‌క్యూజ్ మీ. తలుపు విరగ్గొట్టి లోపలికి వచ్చినాక చెప్పేది సారీ. ఇప్పుడు అర్థమయిందా?" అందరం నవ్వాం. ఆ తర్వాత మళ్లీ ఎవరూ తప్పు చెయ్యలేదు. ప్లీజ్ గురించి ఆమె అన్నది కూడా నాకు గుర్తుంది. మా కోయంబత్తూరు తమిళంలో ప్రతి మాట చివరా ఒక 'ంగ' చేరుతుంది. వాంగ అంటే రండి, సొల్లుంగ అంటే చెప్పండి, సరింగ అంటే సరేనండి. తెలుగులో 'అండి' లాగే. "మన మర్యాద మాటలోనే కలిసిపోయి ఉండాది" అనేది ఆమె. "ఇంగ్లీషువాళ్లది అట్ల కాదు. ప్లీజ్ అని విడిగా అతికించుకోవాల. అతికించింది కదా, గొంతు సరిగ్గా లేకపోతే ఊడిపోతది."

నేను అంతకుముందు సెలవుల్లో ఒక బట్టల షాపులో పనిచేసి ఉన్నాను. అక్కడ బిల్లు చేతికిస్తూ చెప్పమన్న మాట నాలుక మీద అలాగే ఉండిపోయింది. ఆసుపత్రిలో చేరిన కొత్తలో డిశ్చార్జి కౌంటర్లో కూర్చోబెట్టారు. హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోతున్న ఒక ముసలి రైతుకు కాగితాలు అందిస్తూ, చక్కగా నవ్వుతూ, "థాంక్యూ సార్, ప్లీజ్ కమ్ అగైన్" అన్నాను. పక్కన ఉన్న మనవడు ఆ మాట ఆయనకు తమిళంలో చెప్పాడు. ఆయన నా వైపు తిరిగి, తెలుగుదాన్నని ఎలా పసిగట్టాడో గానీ, "మళ్లా రావాలా పాపా? ఒక తూరి కోసింది చాలదా?" అన్నాడు. లాబీ అంతా నవ్వింది. మేడం గదిలోంచి బయటికి వచ్చి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. నేను ఏడుపు మొహంతో నిలబడ్డాను. "ఏడవద్దు. మాటలో తప్పు లేదు. యాడ చెప్తా ఉండావు అనేది చూసుకో. ఇది ఎవరూ మళ్లా రాకూడదని కోరుకునే చోటు" అంది. అప్పటి నుంచి మా కౌంటర్లో "టేక్ కేర్" అని మాత్రమే అనేవాళ్లం.

ఇంకోసారి నా పక్క కౌంటర్ అమ్మాయి, చంకలో జ్వరంతో ఉన్న బిడ్డతో వచ్చిన ఒక కూలి తల్లికి, "టేక్ యువర్ సీట్, ప్లీజ్" అని మేడం నేర్పినట్లే, గొంతు పైకి లేపి మరీ చెప్పింది. ఆ తల్లి కదల్లేదు. ఆ అమ్మాయి మళ్లీ అదే చెప్పింది. తల్లి భయపడి, కూర్చోవడం మాని వాకిలి వైపు అడుగులు వెయ్యసాగింది. వెళ్లిపొమ్మన్నారనుకుంది. మేడం కౌంటర్ దాటి పరుగున వెళ్లి ఆమె మోచేయి పట్టుకుని, "ఇంగ ఉక్కారుంగమ్మా, డాక్టర్ వర్రారు" అని తమిళంలో కూర్చోమంది, డాక్టరు వస్తున్నారని చెప్పింది. ఆ తల్లి మొహం తేటపడి కుర్చీలో కూర్చుంది. తిరిగి వచ్చాక మేడం మమ్మల్ని తిట్టలేదు. ఆలోచిస్తూ, తనకు తానే చెప్పుకుంటున్నట్లు, "అవతలి మనిషికి అందనిది మర్యాద కాదు" అంది. నేర్పింది తనే కదా అన్న బాధ ఆ గొంతులో ఉంది.

ఇవన్నీ చిన్న చిన్న సంగతులు. ఆమెను నేను మరిచిపోలేని రోజు వేరే ఉంది.

ఆ రోజు మా ఆసుపత్రికి తనిఖీకి ఒక బృందం వచ్చింది. మంచి పేరున్న సర్టిఫికెట్ ఏదో రావాలంటే వాళ్లు వచ్చి అన్నీ చూసి వెళ్లాలి. గోడలకు కొత్త సున్నం, కుండీలకు కొత్త మొక్కలు, మాకు ఇస్త్రీ చీరలు. మా ఆసుపత్రిలో అందరూ గొప్పగా చెప్పుకునేది ఫ్రంట్ ఆఫీసు గురించే కాబట్టి, బృందాన్ని వెంటబెట్టుకుని చూపించే పని మేడంకు అప్పగించారు. ముందు రోజు సాయంత్రం తుడియలూరు నుంచి గోవిందరాజులు అనే ఆయనను గుండెనొప్పితో తీసుకొచ్చారు. పంపుల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు ఆయనది. నాన్నకు తెలిసిన మనిషి. మా తెలుగువాళ్లే. ఆయన భార్య సులోచనక్క మా లాబీ చివర, ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఉదయం నేను డ్యూటీకి వస్తూ చూశాను. మేడం ఆమె దగ్గర వంగి ఏదో చెబుతోంది, ఆమె తల ఊపుతోంది. అంతలో ఎవరో వచ్చి, బృందం వచ్చేసిందని మేడంను తొందరపెట్టారు. నేను నా కౌంటర్‌కు పోయాను.

మధ్యాహ్నానికి ముందే గోవిందరాజులు గారు పోయారు.

ఐసీయూలో ఆ రోజు ఉన్నది డాక్టర్ నిఖిల్. పుణె నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. తమిళం రాదు, తెలుగు అసలే రాదు. ఆయన బయటికి వచ్చి, మాస్కు దించుకుని, సులోచనక్క ముందు నిలబడి, "ఐ యామ్ సారీ" అన్నాడు. ఆమె అర్థంకాక చూసింది. "ఐ యామ్ సో సారీ. ఐ యామ్ రియల్లీ వెరీ సారీ" అన్నాడు మళ్లీ.

ఆమె తమ్ముడు మోహన్ అప్పటికి పరుగెత్తుకుంటూ వచ్చి ఉన్నాడు. వెనక వర్క్‌షాపు మనుషులు చాలామంది ఉన్నారు, చేతులకు ఇంకా గ్రీజుతోనే. మోహన్ డాక్టరు చొక్కా పట్టుకున్నాడు. "సారీయా? ఏమి చేసినావని సారీ చెప్తా ఉండావు? తప్పు చేసినోడు కదా సారీ చెప్పేది! వినండిరా, వాడే ఒప్పుకుంటా ఉండాడు!"

డాక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తనకు తోచిన ఒకే ఒక్క మాట మళ్లీ అన్నాడు. "సారీ, సారీ!" అన్న కొద్దీ అవతల కోపం పెరిగింది. ఎవరో కుర్చీ ఎత్తి నేలకేసి కొట్టారు. మందుల కౌంటరు అద్దం పగిలింది. రోగుల బంధువులు పిల్లల్ని ఎత్తుకుని మెట్ల వైపు పరుగెత్తారు. మా పరిపాలనాధికారి తనిఖీ బృందాన్ని వెనక లిఫ్టులోకి పంపించి, సెక్యూరిటీవాళ్లతో డాక్టరును లోపలికి లాక్కుపొమ్మని సైగ చేశాడు. మేడం బృందాన్ని వదిలి అప్పుడే అక్కడికి వచ్చింది. ఆయన ఆమెతో, "ఎవరూ ఇంకేమీ మాట్లాడొద్దు. సారీ అనే మాట ఇంకొక్కసారి వినబడకూడదు. పోలీసులు వస్తున్నారు" అన్నాడు.

"పోలీసులు వచ్చే లోపల వాళ్లు ఆయన్ని చంపేస్తారు సార్. డాక్టరును ఇట్ల లాక్కుపోతే, తప్పు చేసి పారిపోయినాడనే అనుకుంటారు" అంది మేడం. ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు. సెక్యూరిటీవాళ్ల మధ్య నుంచి డాక్టరు చెయ్యి పట్టుకుని, ఆ గుంపులోకే తీసుకుపోయింది.

ఆమె అరవలేదు. టెలిఫోన్‌లో మాట్లాడే గొంతుతో, మా ఇంటి తెలుగులో మొదలుపెట్టింది. "మోహనూ, నేను అవినాశి రంగనాయకిని. మన మనిషినే. నన్ను ఒక మాట చెప్పనీ. తర్వాత నీకు తోచింది చెయ్."

మోహన్ మళ్లీ డాక్టరు చొక్కా పట్టుకున్నాడు గానీ, వినడానికి తల తిప్పాడు.

"మన ఇండ్లల్లో సావు అయితే మనం ఏమి చెప్తాం? ఏమీ చెప్పం. పోతాం, పక్కన కూర్చుంటాం, చెయ్యి పట్టుకుంటాం. మనకు దానికి మాట లేదు. వాళ్లకు ఒక మాట ఉండాది. ఆ మాట సారీ. కాలు తొక్కినా అదే మాట, ఇంట్లో మనిషి పోయినా అదే మాట. వాళ్ల భాషలో రెండింటికీ వేరే వేరే మాటలు లేవు, ఏమి చేస్తాం? ఈ పిల్లోడు తప్పు చేసినానని చెప్పలేదు. మీ కష్టం చూసి నాకు కడుపు తరుక్కుపోతా ఉండాది అని చెప్పినాడు. వాడి కండ్లు చూడు."

డాక్టరు కళ్ల నిండా నీళ్లున్నాయి. మోహన్ ఆ కళ్లలోకి చూశాడు. వేళ్లు నెమ్మదిగా వదులయ్యాయి. వెనక ఉన్నవాళ్లలో ఒక పెద్దాయన, "విడువు మోహనా" అన్నాడు. మోహన్ గోడకు ఆనుకుని కూలబడి, పసివాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఆ రోజు మేడం అందరికీ దేవత. పరిపాలనాధికారి మొహంలో రక్తం తిరిగి వచ్చింది. మేము ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆమె కదల్లేదు. సులోచనక్క ముందుకు వెళ్లి, చేతులు రెండూ కట్టుకుని నిలబడింది.

"అక్కా, డాక్టరు చెప్పిన సారీ వేరే. నేను చెప్పాల్సిన సారీ ఒకటి ఉండాది, అది వేరే. తెల్లారి నువ్వు ఆయన్ని ఒక తూరి చూస్తానని అడిగినావు. రౌండ్సు అయినాక నేనే వచ్చి పిలుస్తాను, కొంచెం ఉండు అని చెప్పినాను. నువ్వు నన్ను నమ్మి ఈడనే కూర్చున్నావు. నేను తనిఖీవాళ్లతో పోయి మర్చిపోయినాను. లోపలికి పంపమని ఎవరికీ చెప్పలేదు. అది నా తప్పు. దానికి నేను సారీ చెప్తా ఉండాను. ఇది ఆ సారీ కాదు, తప్పు చేసినోళ్లు చెప్పే సారీ. నన్ను మన్నించు."

పరిపాలనాధికారి "మేడం!" అని పళ్ల బిగువున అన్నాడు. ఆమె అటు చూడలేదు. ఆ విషయం అప్పటివరకూ ఎవరికీ తెలియదు. సులోచనక్క ఎవరితోనూ ఫిర్యాదు చెయ్యలేదు. చేసే ఆలోచన కూడా ఆమెకు ఉన్నట్లు లేదు. ఆమె మేడం మొహంలోకి చూసి, "ఆయన నన్ను అడిగినారా?" అంది.

మేడంకు తెలియదు. పక్కన ఉన్న డాక్టరును ఇంగ్లీషులో అడిగింది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, "యెస్. హీ డిడ్. మోర్ దాన్ వన్స్" అన్నాడు. ఆ మాట మా కౌంటర్ దాకా వినబడింది. ఇంగ్లీషు తెలిసినవాళ్లం అందరం మేడం వైపు చూశాం. లేదు, స్పృహ లేదు, బాధపడలేదు అని ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. చెబుతుందని నేను అనుకున్నాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అడిగినారు అంటక్కా. ఒక తూరి కాదు, మళ్లా మళ్లా అడిగినారు అంట" అంది మేడం.

సులోచనక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వే పిలుస్తానని చెప్పినావు" అంది.

"అవునక్కా. నేనే."

ఇంకేమీ జరగలేదు. ఆమె మన్నించానని అనలేదు, తిట్టనూ లేదు. డాక్టరు ఆమెను లోపలికి తీసుకుపోయాడు. మేడం అక్కడే, చేతులు కట్టుకునే, ఆమె తిరిగి వచ్చేదాకా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం పరిపాలనాధికారి గదిలోంచి మాటలు బయటికి వినబడ్డాయి. వాళ్ల చేతికి కేసు నువ్వే అందించావు, ఆసుపత్రి పరువు తీశావు, సారీకి బదులు 'వియ్ రిగ్రెట్' అనొచ్చు కదా అని ఆయన అన్నాడు. "రిగ్రెట్ అనేది రైలు లేటైతే మైకులో చెప్పే మాట సార్. మనిషి మొగం చూసి చెప్పేది కాదు" అని ఆమె అనడం నేను విన్నాను. కేసు ఎవరూ వెయ్యలేదు. సర్టిఫికెట్ కూడా వచ్చింది. కానీ మేడంను ఫ్రంట్ ఆఫీసు నుంచి తీసేసి, నేలమాళిగలో పాత రికార్డుల గదికి పంపించారు. గొంతుతో బతికిన మనిషి, మాట్లాడటానికి మనిషి లేని గదిలో రిటైరయ్యేదాకా పనిచేసింది. మధ్యాహ్నం నేను నా క్యారియర్ తీసుకుని కిందికి పోయేదాన్ని. ఆమె ఒక్కసారి కూడా ఆసుపత్రిని తిట్టలేదు. కొత్తగా చేరిన పిల్లలు ఎలా మాట్లాడుతున్నారని మాత్రం అడిగేది.

కొన్ని నెలల తర్వాత సులోచనక్క తన షుగర్ పరీక్షకు మా ఆసుపత్రికే వచ్చింది. ఆ సమయానికి మేడం ఏదో పనిమీద పైకి వచ్చి లాబీలో ఉంది. ఆమెను చూడగానే మేడం పక్కకు తప్పుకుని నిలబడింది. సులోచనక్క చూసింది. చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు అలాగే జరిగింది. నాకు ఉండబట్టలేదు. ఒకరోజు రికార్డుల గదిలో అన్నం తింటూ, "మేడం, ఆ రోజు మీరు చెప్పకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పి ఏమి సాధించారు? ఆమె ఇప్పటికీ మీతో మాట్లాడటం లేదు" అన్నాను.

ఆమె పెరుగన్నం కలుపుతూ, "నాకు తెలుసు కదా రేణూ" అంది. తర్వాత, "అందరూ సారీ చెప్పి, ఇట్స్ ఓకే అనే మాట కోసం అవతలివాళ్ల నోరు చూస్తా ఉంటారు. ఆ మాట వచ్చే దాకా వదలరు. అది సారీ కాదు, బేరం. అడిగేది మన పని. మన్నించేది వాళ్ల పని. మన్నించకపోయేదానికి కూడా వాళ్లకు హక్కు ఉండాది" అంది. ఆ రోజు ఆమె అన్నం సగంలో వదిలేసింది. ఆ తప్పు ఆమెను ఎంత తొలిచేస్తోందో నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు నేను ఆమెను గట్టి మనిషి అనుకునేదాన్ని. గట్టిదనమంటే నొప్పి తెలియకపోవడం కాదని ఆమె ఎదురుగా కూర్చున్నప్పుడు అర్థమయింది.

రిటైరయ్యాక అవినాశిలో చెల్లెలి ఇంట్లో ఉండేది. నేను అప్పుడప్పుడూ పోయి వచ్చేదాన్ని. చుట్టుపక్కల బనియన్ల కంపెనీల్లో పనికి పోయే ఆడపిల్లలు ఆదివారాలు వచ్చి ఆమె ముందు కూర్చునేవాళ్లు. వాళ్లకు వీపు చూపించి కూర్చుని, పేరు అడగమనేది. మూడేళ్ల కిందట నిద్రలోనే పోయింది. వార్త విని పోయేసరికి ఆ పిల్లలే ఇల్లంతా నిండి ఉన్నారు. సులోచనక్క రాలేదు. వస్తుందని నేను అనుకోనూ లేదు.

ఇప్పుడు నేను ఇంకో చిన్న ఆసుపత్రిలో, ఆమె చేసిన పనే చేస్తున్నాను. నా కింద నలుగురు అమ్మాయిలున్నారు. వాళ్ల ఇంగ్లీషు నాకంటే బాగుంటుంది. పార్డన్, ఎక్స్‌క్యూజ్ మీ వాళ్లకు నేర్పాల్సిన పని లేదు. నేను పెట్టిన నియమం ఒకటే. ఎవరినైనా ఉండమని చెప్పిన మనిషి తిరిగి వాళ్ల దగ్గరికి పోవాలి. చెప్పడానికి కబురు ఉన్నా సరే, లేకపోయినా సరే. ఇంకొకరిని పంపకూడదు. తనే పోవాలి.

పోయిన వారం వాడిపట్టి నుంచి ఒకావిడ వచ్చింది. భర్తకు కడుపులో ఆపరేషన్. మధురై పక్క తెలుగు ఆవిడది. మా మాట కంటే కొంచెం సాగుతుంది, తమిళం ఇంకాస్త ఎక్కువ. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చోబెట్టి, తెలుసుకుని వచ్చి చెబుతానని చెప్పి కిందికి వచ్చాను. ఫోన్ చేసి అడిగితే, లోపల ఇంకా పని ముగియలేదన్నారు. మళ్లీ మెట్లెక్కి ఆమె దగ్గరికి పోయాను. నన్ను చూడగానే ఆమె చప్పున లేచి నిలబడింది.

"ఏమి చెప్పినారు పాపా?"

"ఇంకా ఏమీ చెప్పలేదక్కా. లోపల ఆపరేషన్ జరుగుతా ఉండాది."

ఆమె వింతగా చూసింది. "ఏమీ లేదని చెప్పేదానికా ఇంత దూరం ఎక్కి వచ్చినావు?"

"అవునక్కా."

ఆమె మెల్లగా కూర్చుని, నీళ్ల సీసా మూత తీసి, పొద్దున్నుంచి మొదటిసారి కాబోలు, గొంతు తడుపుకుంది. "సరి. అట్లయితే ఇంకొక తూరి వచ్చి చెప్పు" అంది.

నేను మళ్లీ వెళ్లాను.